తెల్లకన్ను, మొండి రెక్క: పండ్ల ఈగలతో వ్యుత్క్రమ సంకరణాల ప్రాజెక్టు డైరీ

పాఠ్యపుస్తకాల్లో ఆటోసోముల (లింగ క్రోమోజోములు కాని మిగతా క్రోమోజోముల) అనువంశికతకు ఒక పేజీ, లింగ సహలగ్న (జన్యువు లింగ క్రోమోజోము మీద ఉన్న) అనువంశికతకు మరో పేజీ కేటాయిస్తారు. రెండు పేజీల్లోనూ రెండో తరంలో 3:1 నిష్పత్తి కనిపిస్తుంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే రెండు పనులు చేయాలి. సంకరణాన్ని తిరగేసి, అంటే తల్లి లక్షణాన్ని తండ్రికీ తండ్రి లక్షణాన్ని తల్లికీ మార్చి మళ్లీ చేయాలి (వ్యుత్క్రమ సంకరణం అంటే ఇదే), సంతానంలో ఆడవాటినీ మగవాటినీ విడివిడిగా లెక్కపెట్టాలి. ఈ రెండూ వదిలేస్తే ఎన్ని వేల ఈగలను లెక్కించినా జవాబు రాదు. ఈ డైరీ అదే పని చేయబోయేవారి కోసం.

దశ 1: ఈగల ఎంపిక

పండ్ల ఈగ డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌కు నాలుగు జతల క్రోమోజోములు. అందులో మూడు జతలు ఆటోసోములు, ఒక జత లింగ క్రోమోజోములు (ఆడ ఈగకు రెండు ఎక్స్‌లు, మగ ఈగకు ఒక ఎక్స్, ఒక వై). మూడు శుద్ధ వంశాలు తీసుకున్నాను.

1. ఎర్ర కళ్లు, నిండు రెక్కలు ఉన్న సహజ రకం.
2. తెల్ల కళ్ల రకం. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది.
3. మొండి రెక్కల రకం. దీని జన్యువు రెండో క్రోమోజోము మీద, అంటే ఆటోసోము మీద ఉంది.

తెల్ల కన్ను, మొండి రెక్క రెండూ అంతర్గత లక్షణాలే, అంటే తోడుగా సహజ రకం జన్యువు ఉంటే బయటికి కనిపించవు.

ఆటోసోము వైపు మొదట పెట్టుకున్నది మొండి రెక్క కాదు, సెపియా కన్ను. దాని జన్యువు మూడో క్రోమోజోము మీద ఉంటుంది. రెండు వైపులా కంటి రంగే ఉంటే పోల్చడానికి బాగుంటుందని ఎంచుకున్నది అది. కానీ సెపియా కన్ను ఈగ బయటికి వచ్చిన రోజున గోధుమ కలిసిన ఎరుపులో ఉండి, వయసు పెరిగేకొద్దీ నల్లబడుతుంది. అప్పుడే వచ్చిన ఈగల్లో ఏది సహజ రకమో ఏది సెపియానో తేల్చడం కష్టం. ఒకే గుంపును ఇద్దరం వేర్వేరుగా లెక్కపెడితే అంకెలు కలవలేదు. లెక్కించేవాళ్లను బట్టి మారే లక్షణం నిష్పత్తుల ప్రయోగానికి పనికిరాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాం. తెల్ల కంటితో ఆ బాధ లేదు, ఈగ బయటికి వచ్చిన నిమిషం నుంచీ తెల్లగానే ఉంటుంది.

దశ 2: మేత

ఒక లీటరు నీటికి చివరికి స్థిరపడిన కొలతలు ఇవి:

అగర్ 8 గ్రాములు
మొక్కజొన్న పిండి 80 గ్రాములు
చక్కెర 50 గ్రాములు
పొడి ఈస్టు 15 గ్రాములు
ప్రొపియానిక్ ఆమ్లం 4 మిల్లీలీటర్లు
నిపాజిన్ 1 గ్రాము, 10 మిల్లీలీటర్ల ఆల్కహాలులో కరిగించి

1. అగర్‌ను నీటిలో మరిగించి పూర్తిగా కరగనివ్వాలి.
2. పిండి, చక్కెర, ఈస్టు వేసి, ఉండలు కట్టకుండా కలుపుతూ ఉడికించాలి.
3. దించి 60 డిగ్రీలకు చల్లార్చాక మాత్రమే ఆమ్లం, నిపాజిన్ కలపాలి (రెండూ బూజు పట్టకుండా వేసేవే).
4. సీసాకు రెండు సెంటీమీటర్ల మందాన పోసి, గుడ్డ కప్పి రాత్రంతా ఆరనివ్వాలి.
5. మర్నాడు సీసా లోపలి గోడలకు పట్టిన తేమ తుడిచి, దూది బిరడా పెట్టాలి.

మూడో మెట్టులో థర్మామీటరు తప్పనిసరి. ఒక విడతలో రెండు రసాయనాలనూ మరుగుతున్న మేతలోనే కలిపారు. వేడికి చాలా భాగం ఆవిరైపోయింది కాబోలు, వారం తిరక్కుండానే సీసాల్లో బూజు లేచింది. లార్వాలు చురుకుగా ఉన్న సీసాల్లో అవే మేతను కలియదున్ని బూజును అణచివేస్తాయి. కానీ నాలుగే నాలుగు ఆడ ఈగలున్న సంకరణ సీసాలో లార్వాలు తక్కువ, అక్కడ బూజుదే గెలుపు.

ఐదో మెట్టు మొండి రెక్కల కోసం వచ్చి చేరింది. ఎగరలేని ఈ ఈగలు తడి మేత మీద పడితే లేవలేవు. ఒక సీసాలో తల్లులన్నీ అలా అతుక్కుని చనిపోయాయి. ఆ తర్వాత ప్రతి సీసాలోనూ వేలెడు వెడల్పున్న వడపోత కాగితం ముక్కను మేతలోకి గుచ్చి నిలబెట్టాం. ఈగలు దాని మీదికి ఎక్కి నిలుస్తాయి, లార్వాలు కూడా ప్యూపాలుగా మారడానికి దాన్నే ఎంచుకుంటాయి.

దశ 3: ఉష్ణోగ్రత

25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ దాకా సుమారు 10 రోజులు పడుతుంది. 18 డిగ్రీల దగ్గర దాదాపు రెట్టింపు. సీసాలు ఉంచిన వేడి పెట్టె మీది సూచిక 25 చూపిస్తోంది. లోపల ఒక్కో అరలో విడిగా థర్మామీటరు పెడితే తేలినవి ఇవి:

కింది అర: 24.5
మధ్య అర: 25.5
పై అర, వేడినిచ్చే బల్బు పక్కన: 30

పై అరలోని మొండి రెక్కల సీసాల్లో తేడా కంటికే కనిపించింది. మొండి రెక్క మామూలుగా ముడుచుకుపోయిన చిన్న తునకలా ఉంటుంది. 30 దగ్గర పెరిగిన కొన్నిటికి అది పొడవు పెరిగి, అంచు సగం విచ్చుకుని ఉంది. జన్యువు మారలేదు. ఈ ఉత్పరివర్తన ప్రభావం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, వేడిలో రెక్క ఇంకొంచెం పెరుగుతుంది. పైగా అంత వేడిలో మగ ఈగలు వంధ్యమవుతాయి కూడా. పై అర ఖాళీ చేసి, గాలి తిరగడానికి చిన్న పంకా పెట్టాం. ఇప్పుడు అన్ని సీసాలూ 24.5 నుంచి 25.5 లోపే ఉన్నాయి. పెట్టె మీది సూచికను నమ్మకండి. సీసా ఉన్నచోట కొలవండి.

దశ 4: కన్య ఈగలు

ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్న దశ ఇదే. ఆడ ఈగ ఒక్కసారి జతకడితే చాలు, ఆ వీర్యాన్ని శరీరంలో దాచుకుని రోజుల తరబడి గుడ్లు ఫలదీకరిస్తుంది. కాబట్టి సంకరణానికి వాడే ఆడ ఈగ అంతకుముందు ఏ మగ ఈగతోనూ కలిసి ఉండకూడదు. 25 డిగ్రీల దగ్గర, బయటికి వచ్చిన తర్వాత సుమారు 8 గంటల వరకు ఆడ ఈగ జతకట్టదు. ఆ వ్యవధిలోపు ఏరాలి.

1. ఉదయాన్నే సీసాలోని పెద్ద ఈగలన్నిటినీ తీసేయాలి. ఒక్కటి కూడా మిగలకూడదు.
2. 8 గంటల లోపు మళ్లీ తెరిచి, కొత్తగా వచ్చినవాటికి మత్తు ఇవ్వాలి.
3. ఆడవాటిని విడిగా ఒక సీసాలో వేసి, తేదీ, వేళ రాయాలి.
4. రాత్రికి సీసాలను 18 డిగ్రీలలో ఉంచితే వ్యవధి సుమారు 16 గంటలకు పెరుగుతుంది.
5. ఏరిన ఆడ ఈగలను మూడు రోజులు ఒంటరిగా ఉంచి, ఆ సీసాలో లార్వాలు కదులుతున్నాయేమో చూడాలి. కన్య ఈగ గుడ్లు పెట్టినా అవి పొదగవు. ఒక్క లార్వా కనిపించినా ఆ సీసాలోని ఈగలన్నీ పనికిరావు.

మత్తుకు ఈథర్ వద్దనుకున్నాం. అది ఇట్టే మంటంటుకునే ద్రవం. మోతాదు మించితే ఈగ చచ్చిపోతుంది కూడా (చనిపోయిన ఈగ రెక్కలు శరీరానికి నిటారుగా పైకి లేచి ఉంటాయి). దాని బదులు చల్లదనం వాడాం. అందులో చిక్కు తేమతో వచ్చింది. మంచు మీద పెట్టిన గాజుపళ్లెంలో నీటి బొట్లు చేరి, రెక్కలు పళ్లానికి అతుక్కుని చిరిగాయి. పళ్లెంలో వడపోత కాగితం పరిచి, తడిసినప్పుడల్లా మార్చడంతో అది కుదుటపడింది.

ఆడ మగ గుర్తింపు గురించి ఒక మాట. పెద్ద మగ ఈగ పొట్ట చివర గుండ్రంగా, నల్లగా ఉంటుంది. ఆడ ఈగ పొట్ట కొసదేరి, చివరి వరకు చారలతో ఉంటుంది. అప్పుడే వచ్చిన ఈగల్లో ఈ నలుపు ఇంకా పట్టదు, ఒళ్లంతా పాలిపోయి ఉంటుంది. వాటిని పొట్ట చూసి తేల్చకూడదు. స్టీరియో సూక్ష్మదర్శిని కింద వెల్లకిలా తిప్పి, ముందుకాలు చూడాలి. మగ ఈగకు అక్కడ దువ్వెన పళ్లలా బిరుసైన నల్లటి రోమాల వరుస ఒకటి ఉంటుంది. ఇరవై రెట్లు పెద్దది చేసి చూస్తే అది చిన్న నల్ల గీతలా కనిపిస్తుంది. కుంచె కొసతో కాలిని కొద్దిగా పక్కకు జరిపితే చాలు. ఇది ఈగ పుట్టుకతోనే ఉంటుంది, ఎప్పుడూ మోసం చేయదు.

దశ 5: నాలుగు సంకరణాలు, మొదటి తరం

ఒక్కో సంకరణానికి నాలుగు సీసాలు, సీసాకు 4 ఆడ, 4 మగ.

1క: ఎర్రకన్ను ఆడ × తెల్లకన్ను మగ
1ఖ: తెల్లకన్ను ఆడ × ఎర్రకన్ను మగ
2క: నిండురెక్క ఆడ × మొండిరెక్క మగ
2ఖ: మొండిరెక్క ఆడ × నిండురెక్క మగ

వారం తర్వాత తల్లిదండ్రులను తీసేశాం. లేకపోతే అవి పిల్లల లెక్కలో కలిసిపోతాయి.

మొదటి తరం లెక్క:

1క: ఎర్ర ఆడ 74, ఎర్ర మగ 69
1ఖ: ఎర్ర ఆడ 81, తెల్ల మగ 66
2క: నిండురెక్క ఆడ 71, మగ 67
2ఖ: నిండురెక్క ఆడ 64, మగ 62

ఇప్పటివరకు మొత్తం: 554

2క, 2ఖ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేరు. మొండి రెక్క తల్లి నుంచి వచ్చినా తండ్రి నుంచి వచ్చినా, ప్రతి పిల్లకూ రెండో క్రోమోజోము ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. కొడుకైనా కూతురైనా వాటా ఒకటే.

1క, 1ఖ మాత్రం ఒకదాన్నొకటి పోలవు. తండ్రి తన ఎక్స్‌ను కూతుళ్లకే ఇస్తాడు. కొడుకులకు ఇచ్చేది వై, దాని మీద ఈ కంటి రంగు జన్యువు లేదు. కొడుకు కన్ను ఏ రంగులో ఉండాలో నిర్ణయించేది తల్లి ఒక్కతే. 1ఖలో తల్లి దగ్గర ఉన్నవి తెల్ల యుగ్మవికల్పాలే (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలు యుగ్మవికల్పాలు), అందుకే కొడుకులందరూ తెల్లకళ్లవారు. కూతుళ్లకు తండ్రి నుంచి ఎరుపు అంది కళ్లు ఎర్రబడ్డాయి. తల్లి లక్షణం కొడుకులకు, తండ్రి లక్షణం కూతుళ్లకు వెళ్లే ఈ అడ్డదిడ్డపు వారసత్వం ఆటోసోము లక్షణాల్లో కనబడదు.

పై లెక్కలో 1ఖకు మూడు సీసాలే ఉన్నాయి. 3వ సీసాను పారేయాల్సి వచ్చింది. అందులో 9 తెల్లకన్ను ఆడ ఈగలు వచ్చాయి, సిద్ధాంతం ప్రకారం ఒక్కటి కూడా రాకూడదు. కారణాలు రెండే ఉండవచ్చు.

మొదటిది, కణ విభజనలో తల్లి ఎక్స్‌లు రెండూ విడిపోకుండా ఒకే అండంలోకి వెళ్లడం. 1916లో జన్యుశాస్త్రవేత్త కాల్విన్ బ్రిడ్జెస్ ఈ సంగతిని వివరించి, జన్యువులు క్రోమోజోముల మీదే ఉంటాయనడానికి గట్టి రుజువు ఇచ్చాడు. అలాంటి అండం నుంచి రెండు ఎక్స్‌లు, ఒక వై ఉన్న తెల్లకన్ను కూతురు వస్తుంది. ఎక్స్ లేని అండం నుంచి తండ్రి ఎక్స్ ఒక్కటే ఉన్న ఎర్రకన్ను వంధ్య కొడుకు వస్తాడు. (డ్రోసోఫిలాలో మగతనాన్ని నిర్ణయించేది వై కాదు. వై లేకపోయినా మగ ఈగే అవుతుంది, సంతానం మాత్రం కలగదు.) కానీ ఇది సుమారు 2000 ఈగల్లో ఒకదాని విషయం. ఒకే సీసాలో 9 ఉండి, పక్కన ఎర్రకన్ను కొడుకు ఒక్కడూ లేకపోతే, ఆ కథ కుదరదు.

రెండోది, తల్లుల్లో ఒకటి కన్య కాకపోవడం. తన వంశంలోని తెల్లకన్ను మగ ఈగతో ముందే జతకట్టి ఉంటే దాని కూతుళ్లు తెల్లకళ్లతో వస్తాయి. 9 కూతుళ్లూ ఒకే సీసాలో ఉండటానికి ఇది సరిపోతుంది. ఆ విడత ఆడ ఈగలను మూడు రోజులు ఒంటరిగా ఉంచకుండా నేరుగా సంకరణంలో పెట్టినట్టు పుస్తకంలో నమోదై ఉంది. పైన రాసిన ఐదో మెట్టు ఆ తర్వాతే తప్పనిసరి అయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ కల్తీ 1ఖలో, 2ఖలో మొదటి తరంలోనే బయటపడుతుంది, ఎందుకంటే తల్లి అంతర్గత లక్షణం ఉన్నది. 1కలో, 2కలో తల్లి సహజ రకం. అది ముందే తన వంశపు మగ ఈగతో జతకట్టి ఉన్నా పిల్లలన్నీ సహజ రకంగానే కనిపిస్తాయి. కల్తీ దాక్కుని రెండో తరంలో అంతర్గత లక్షణం ఉన్న ఈగల సంఖ్యను తగ్గిస్తుంది. అందుకని మొదటి తరం శుభ్రంగా కనిపించిన ఈ రెండు సంకరణాల మీదే ఎక్కువ అనుమానం ఉంచాలి.

దశ 6: రెండో తరం

మొదటి తరం అన్నాచెల్లెళ్లను, సీసాకు 5 జతల చొప్పున, కొత్త మేతలోకి మార్చాం. ఇక్కడ కన్య ఈగలు అక్కర్లేదు, ఎలాగూ జతకట్టేది ఒకే సంకరణం సంతానంతోనే.

2క ఫలితాలు మొదట కలవరపెట్టాయి. ఈగలు రావడం మొదలైన మూడు రోజుల లెక్క:

నిండురెక్క 148, మొండిరెక్క 27

ఇది 5.5:1. 175 ఈగలకు 3:1 ప్రకారం 131.25, 43.75 రావాలి. కై వర్గ విలువ (వచ్చిన అంకెలు రావాల్సినవాటికి ఎంత దూరమో చెప్పే కొలత) 8.55, యాదృచ్ఛికమని సరిపెట్టుకోగల తేడాకు హద్దు 3.84. లెక్క ఇక్కడే ఆపి ఉంటే, మొండి రెక్క మెండెల్ నిష్పత్తికి లొంగదని రాసేవాళ్లం. ఆపలేదు. తర్వాతి రోజుల్లో అదే సీసాల నుంచి 186 నిండురెక్క, 68 మొండిరెక్క ఈగలు వచ్చాయి. మొండి రెక్కల ఈగలు ఎదగడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాయి, అందుకే తొలి రోజుల లెక్కలో వాటి వాటా తగ్గింది. అప్పటి నుంచి నియమం మార్చాం. మొదటి ఈగ వచ్చిన రోజు నుంచి 8 రోజులు, ప్రతి రోజూ సీసా ఖాళీ చేసి లెక్కించాలి. అంతకు మించి ఆగకూడదు, ఆగితే మూడో తరం వచ్చి కలుస్తుంది.

పూర్తి లెక్క:

1క: ఎర్ర ఆడ 236, తెల్ల ఆడ 0, ఎర్ర మగ 114, తెల్ల మగ 98. మొత్తం 448
1ఖ: ఎర్ర ఆడ 112, తెల్ల ఆడ 99, ఎర్ర మగ 107, తెల్ల మగ 93. మొత్తం 411
2క: నిండు ఆడ 171, మొండి ఆడ 49, నిండు మగ 163, మొండి మగ 46. మొత్తం 429
2ఖ: నిండు ఆడ 158, మొండి ఆడ 52, నిండు మగ 160, మొండి మగ 47. మొత్తం 417

రెండో తరం మొత్తం: 1705
ఇప్పటివరకు మొత్తం: 2259

1కలో ఆడ మగ కలిపేస్తే ఎర్ర 350, తెల్ల 98. 3:1తో పోల్చితే కై వర్గం 2.33, హద్దు 3.84 లోపే. 2కలో నిండు 334, మొండి 95, కై వర్గం 1.87. ఈ రెండు వరుసలను మాత్రమే చూసినవారికి తెల్ల కన్ను, మొండి రెక్క ఒకే తీరున సంక్రమిస్తున్నట్టే ఉంటుంది. విడదీస్తే కానీ తెలియదు. 1కలో తెల్లకళ్ల ఈగలు 98కి 98 మగవే. 2కలో మొండి రెక్కలు ఆడవాటిలో 49, మగవాటిలో 46. 1క నిష్పత్తిని సరిగ్గా రాయాలంటే అది ఎర్ర ఆడ, ఎర్ర మగ, తెల్ల మగ 2:1:1. దాని కై వర్గం 2.43, రెండు స్వేచ్ఛాంశాలకు (ఇక్కడ గళ్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ) హద్దు 5.99.

1ఖలో అసలు 3:1 ఊసే లేదు. ఎర్ర 219, తెల్ల 192. నాలుగు గళ్లకూ 1:1:1:1 అనుకుంటే కై వర్గం 2.07, హద్దు 7.81. దీనికి కారణం, ఇక్కడ మొదటి తరం మగ ఈగలు తెల్లకళ్లవి కావడం. తెల్లకన్ను మగతో మిశ్రమ (ఒక ఎరుపు, ఒక తెలుపు యుగ్మవికల్పం ఉన్న) ఆడ ఈగను కలిపితే అది ఒక విధంగా పరీక్షా సంకరణమే, అంటే మిశ్రమ జీవిని అంతర్గత లక్షణం ఉన్నదానితో కలపడమే. 2ఖలో తిరగేసినా ఏమీ మారలేదు, 318కి 99, కై వర్గం 0.35.

1కలో దాగిన కల్తీ ఉందా అని విడిగా చూశాం. ఆ సంకరణంలో కల్తీ ఉంటే రెండో తరం మగవాటిలో తెల్లవి సగం కంటే బాగా తగ్గాలి. 114, 98లకు 1:1 మీద కై వర్గం 1.21. ఆందోళన అక్కర్లేదు.

తెల్లకళ్లవి ప్రతి గడిలోనూ కొంచెం తక్కువే ఉన్నాయి. ఇది మా సీసాల ప్రత్యేకత కాదు. 1910లో జన్యుశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేసిన 1క లాంటి సంకరణంలో రెండో తరం లెక్క 2459 ఎర్ర ఆడ, 1011 ఎర్ర మగ, 782 తెల్ల మగ. కలిపితే 4.4:1. తెల్లకళ్లవి బతికి బయటపడటంలో వెనకబడతాయి. ఆయనకు మొదట దొరికింది ఒకే ఒక తెల్లకన్ను మగ ఈగ కాబట్టి 1ఖ నేరుగా చేయడానికి వీల్లేదు. ముందు ఎర్రకన్ను కూతుళ్లను ఆ తెల్లకన్ను మగతో కలిపి తెల్లకన్ను ఆడ ఈగలను సంపాదించాల్సి వచ్చింది. అందులో 129 ఎర్ర ఆడ, 132 ఎర్ర మగ, 88 తెల్ల ఆడ, 86 తెల్ల మగ వచ్చాయి. వంశాలు సీసాల్లో సిద్ధంగా దొరికే మనకు ఆ తిప్పలు లేవు.

ఇదే ప్రయోగాన్ని పక్షులతో గానీ సీతాకోకచిలుకలతో గానీ చేయదలచినవారు దిశలు తిరగేసుకోవాలి. వాటిలో భిన్నమైన లింగ క్రోమోజోములు ఉండేది ఆడవాటికి. 1క ఫలితం అక్కడ 1ఖలో వస్తుంది.

దశ 7: ఇప్పుడు సీసాల్లో ఉన్నది

తెల్లకన్ను నిండురెక్క ఆడ × ఎర్రకన్ను మొండిరెక్క మగ. రెండు లక్షణాలనూ ఒకే ఈగలో కలిపి చూడటానికి. మొదటి తరం ఎర్రకన్ను ఆడ, తెల్లకన్ను మగ ఈగలుగా వచ్చింది, అన్నిటికీ నిండు రెక్కలే. రెండో తరంలో ఆడ, మగ దేనికదే ఎర్ర నిండు, తెల్ల నిండు, ఎర్ర మొండి, తెల్ల మొండి 3:3:1:1 రావాలి. అంటే ఎనిమిది గళ్లు, చిన్న గడికి వచ్చేది పదహారింట ఒక వంతు.

400 ఈగలు లెక్కిస్తే తెల్ల మొండి మగ గడికి 25 మాత్రమే అందుతాయి. తెల్ల కన్ను, మొండి రెక్క రెండూ మనుగడను తగ్గించేవే కాబట్టి అంతకన్నా తక్కువే రావచ్చు. ఆ గడి అంచనా 50కి పెరగాలని లక్ష్యం 800గా పెట్టుకున్నాం. సీసాకు 5 జతల పద్ధతే కొనసాగుతుంది, సీసాల సంఖ్య మాత్రం రెట్టింపు. కాగితం ముక్క, రోజువారీ ఖాళీ చేయడం, 8 రోజుల గడువు అన్నీ యథాతథం. లెక్కల పుస్తకంలో ఈసారి వరుసకు ఎనిమిది గళ్లు గీశాం, మొత్తానికి మాత్రం గడి పెట్టలేదు.